అరవైకి ఒకటి తక్కువ: సరిహద్దు పిల్లలు, గణిత ఒలింపియాడ్, ఒక నమూనా పరీక్ష

కిందటేడు వానాకాలంలో ఒక తండ్రి తన ఏడో తరగతి కొడుకుని వెంటబెట్టుకుని ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటికి వచ్చారు. పిల్లాడి మెడలో బంగారు రంగు పతకాలు రెండు వేలాడుతున్నాయి. "రెండేళ్లుగా ఒలింపియాడ్‌లో వీడికే గోల్డు మాస్టారూ. మరి ఇండియా టీములోకి ఎప్పుడు పిలుస్తారు?" అని అడిగారు. ఆయన ముఖంలో ఆశ చూశాక జవాబు చెప్పడానికి నోరు రాలేదు.

ఆ పతకాలు ఒక ప్రైవేటు సంస్థ బళ్లలో పెట్టే పరీక్షవి. అలాంటి పరీక్షలు దేశంలో చాలా ఉన్నాయి. ఫీజు కడితే ఎవరైనా రాయొచ్చు, ముందు నిలిచిన పిల్లలకి పతకం ఇస్తారు. పిల్లాడికి లెక్కలంటే ఇష్టం పుడితే అంతవరకు మంచిదే. కానీ ఆ దారి అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ దాకా వెళ్లదు. రెండింటికీ పేరు కలిసింది గాని దారి కలవలేదు. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ గందరగోళం చాలా ఎక్కువ. మహారాష్ట్ర వైపు దెగ్లూరు, సిరొంచలలో ఉన్న మనవాళ్లని అడిగినా ఇదే మాట. అందుకే ముందు అసలు దారి ఏదో చెప్పి, ఆ తర్వాత నమూనా పరీక్ష సంగతికి వస్తాను.

మన దేశంలో గణిత ఒలింపియాడ్ కార్యక్రమం 1986 నుంచి నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ ఆధ్వర్యంలో నడుస్తోంది. నిర్వహణ బాధ్యత ముంబయిలోని హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్‌ది. మొదటి మెట్టు పేరు ఐఓక్యూఎం, అంటే ఇండియన్ ఒలింపియాడ్ క్వాలిఫయర్ ఇన్ మ్యాథమెటిక్స్. దాన్ని మ్యాథమెటిక్స్ టీచర్స్ అసోసియేషన్ నడుపుతుంది. 8 నుంచి 12 తరగతుల పిల్లలు రాస్తారు. సెప్టెంబరు మొదట్లో ఒక ఆదివారం ఉంటుంది. 2024లో సరిగ్గా వినాయక చవితి మర్నాడు, సెప్టెంబరు 8న పడింది. అందులో ప్రాంతాల వారీగా ఎంపికైనవాళ్లు రెండో మెట్టు, ప్రాంతీయ ఒలింపియాడ్ అయిన ఆర్‌ఎంఓ రాస్తారు. అక్కడ 6 ప్రశ్నలు, 3 గంటలు, ప్రతి దానికీ పూర్తి నిరూపణ రాయాలి. మూడోది జాతీయ ఒలింపియాడ్ ఐఎన్‌ఎంఓ, జనవరిలో. దాంట్లో పైన నిలిచినవాళ్లకి వేసవిలో శిక్షణ శిబిరం. ఆ శిబిరంలోంచి ఆరుగురిని ఎంచి జులైలో అంతర్జాతీయ ఒలింపియాడ్‌కి, అంటే ఐఎంఓకి పంపుతారు. 1959లో రుమేనియాలో మొదలైన ఆ పోటీలోకి మనం 1989లో అడుగుపెట్టాం. 1996లో అది ముంబయిలోనే జరిగింది. 2024లో ఇంగ్లండులోని బాత్ నగరంలో మన జట్టు నాలుగు బంగారు పతకాలు, ఒక వెండి పతకం తెచ్చి నాలుగో స్థానంలో నిలిచింది.

"ఇది రాస్తే ఐఐటీకి పనికొస్తుందా?" అనేది పెద్దలు తప్పకుండా అడిగే రెండో ప్రశ్న. జేఈఈ వేరు, ఇది వేరు. ఐఎన్‌ఎంఓలో రాణించినవాళ్లని ఐఐటీ బొంబాయి తన గణితం డిగ్రీలోకి తీసుకునే పద్ధతి ఉంది. అయితే అది నూటికి కోటికి ఒకరి సంగతి. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆ ఆశతో కూర్చోబెట్టవద్దని పెద్దలకి చెబుతూ ఉంటాను.

ఇక మొదటి మెట్టు పరీక్ష ఎలా ఉంటుందో చూద్దాం. మొత్తం 30 ప్రశ్నలు, 3 గంటలు, 100 మార్కులు. పది ప్రశ్నలకి రెండేసి, పదింటికి మూడేసి, పదింటికి అయిదేసి. నెగెటివ్ మార్కులు లేవు. ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు ఒక పూర్ణసంఖ్య. ఓఎంఆర్ షీటులో పదుల గడి ఒకటి, ఒకట్ల గడి ఒకటి ఉంటాయి. జవాబు 7 వస్తే 07 అని దిద్దాలి. నాలుగు ఆప్షన్లు ఉండవు కాబట్టి ఊహించి దిద్దితే తగిలే అవకాశం వందలో ఒక్కటి. బడిలో నేర్పే కాలిక్యులస్ ఇందులో రాదు. సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ), బీజగణితం, జ్యామితి, లెక్కించే పద్ధతులు, ఈ నాలుగే ప్రధానం. చూడ్డానికి పదో తరగతి సరుకే. కానీ ఏ ప్రశ్న ఏ పాఠంలోదో ఎవరూ చెప్పరు. మన పిల్లలు బెంబేలెత్తేది అక్కడే. బడి పరీక్షలో పాఠం పేరు చూసి సూత్రం గుర్తు తెచ్చుకునే అలవాటు వాళ్లది.

ఇంకో మాట కూడా చెప్పాలి, దీనితో చాలామందికి టెన్షన్ తగ్గుతుంది. నూటికి సగం మార్కులు రాకుండానే ఆర్‌ఎంఓకి ఎంపికైన ఏళ్లు చాలా ప్రాంతాల్లో ఉన్నాయి. 30 ప్రశ్నల్లో పన్నెండింటిని శుభ్రంగా చేసిన పిల్లాడు, ముప్పైనీ తడిమి వదిలేసినవాడికంటే ముందుంటాడు. 90కి తక్కువైతే ఇంట్లో మొహం చూపించలేని పిల్లలకి ఈ సంగతి ముందే తెలియాలి. లేకపోతే మొదటి నమూనా పరీక్షలో 14 మార్కులు చూసి, రెండో ఆదివారం నుంచి రావడం మానేస్తారు. అలా మానేసిన వాళ్లని నేను చూశాను, వాళ్లలో ఇద్దరు నిజంగా తెలివైన పిల్లలు.

నమూనా పరీక్ష పెట్టడం సులువనుకుని నేను దిగాను. నాలుగేళ్ల కిందట, ఆషాఢంలో, మా వీధి అరుగు మీద పదకొండు మంది పిల్లలతో. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రశ్నలు కొన్ని, నేను రాసినవి కొన్ని కలిపి పేపరు తయారుచేశాను. నేను రాసిన వాటిలో ఒకటి ఇది: "ఒక బుట్టలో వందలోపు జీడిపిక్కలు ఉన్నాయి. మూడేసి చొప్పున పేరిస్తే రెండు మిగిలాయి. నాలుగేసి పేరిస్తే మూడు మిగిలాయి. అయిదేసి పేరిస్తే ఒకటి మిగిలింది. బుట్టలో ఎన్ని?" నేను 11 అని జవాబు రాసుకున్నాను. ఒక అబ్బాయి 71 దిద్దాడు. తప్పు కొట్టాను. వాడు ఏమీ అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రాత్రి మళ్లీ లెక్క చూసుకుంటే 71 కూడా సరిపోతోంది. 71లో మూడేసి పోగా రెండు, నాలుగేసి పోగా మూడు, అయిదేసి పోగా ఒకటి. మర్నాడు వాళ్లింటికి వెళ్లి తప్పు నాదని చెప్పి మార్కులు వేశాను. వాడు అడిగింది ఒక్కటే: "నేను 11 కూడా రాసుకున్నాను మాస్టారూ. ఏది దిద్దాలో తెలీలేదు."

ఒక జవాబు మాత్రమే ఉండాల్సిన చోట రెండు పెడితే సరిగ్గా ఆలోచించిన పిల్లాడే ఎక్కువ నష్టపోతాడు. తోచింది దిద్దినవాడికి ఏమీ కాదు. అప్పట్నుంచి నా పేపరు ఏదైనా ఇద్దరు పెద్దవాళ్లు విడివిడిగా చేసి, జవాబులు కలిశాకే పిల్లలకి ఇస్తున్నాను. మీ ఊళ్లో ఎవరైనా నమూనా పరీక్ష పెడుతుంటే ముందు ఇది అడగండి.

ఆ ప్రశ్ననే మార్చి మళ్లీ ఇచ్చాను. ఈసారి మూడేసి పేరిస్తే రెండు, నాలుగేసి పేరిస్తే మూడు, అయిదేసి పేరిస్తే నాలుగు మిగిలాయి. వందలోపు ఎన్ని? చాలామంది అయిదుతో మొదలుపెట్టారు. 4, 9, 14, 19, 24 అని రాసుకుంటూ ఒక్కోదాన్నీ మూడుతో, నాలుగుతో భాగించి చూశారు. ఆరేడు నిమిషాలకి జవాబు దొరికింది. అది తప్పు పద్ధతి కాదు. కానీ రెండు మార్కుల ప్రశ్నకి ఆరేడు నిమిషాలు పోస్తే అయిదు మార్కుల ప్రశ్నలకి టైము మిగలదు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె కాగితం మీద ఏమీ రాయకుండా కూర్చుంది. పేపరు అయ్యాక అడిగితే అంది: "అన్నిట్లోనూ ఒక్క పిక్కే తక్కువైంది మాస్టారూ. ఇంకొక్కటి వేస్తే మూడేసీ సరిపోతాయి, నాలుగేసీ సరిపోతాయి, అయిదేసీ సరిపోతాయి. అలా సరిపోయేది అరవై. తక్కువైంది తీసేస్తే అణషఠి."

అణషఠి అంటే ఒడియాలో 59. అరవైకి ఒకటి తక్కువ అని ఆ మాటలోనే ఉంది. 29ని అణతిరిశ అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ. 39ని అణచాళిశ అంటారు. మరాఠీలోనూ అంతే, 59ని ఏకోణసాఠ్ అంటారు. తెలుగులో మనం యాభై తొమ్మిది అంటాం, యాభై మీద తొమ్మిది ఎక్కించి. ఇంట్లో ఒక పద్ధతి, బడిలో ఇంకో పద్ధతి చిన్నప్పట్నుంచీ విన్న పిల్ల ఆ రెంటినీ కలుపుకుని ప్రశ్న విప్పేసింది. ఒడియా మాట వల్లే జవాబు తట్టిందా అంటే నేను గట్టిగా చెప్పలేను. కానీ జవాబు చెప్పేటప్పుడు, తెలుగులో మాట్లాడుతూ ఆ ఒక్క అంకె దగ్గర ఒడియాలోకి వెళ్లింది. నేను గమనించింది అది.

గణితంలో దీన్నే శేషాల లెక్కలో రుణ శేషం వాడడం అంటారు. 59ని 60తో భాగిస్తే శేషం 59 అని చెప్పొచ్చు, ఒకటి తక్కువ అని కూడా చెప్పొచ్చు. రెండోది చేతికి తేలిక. 29ని 29 సార్లు గుణించి 30తో భాగిస్తే శేషం ఎంత అని అడిగారనుకోండి. గుణించుకుంటూ పోతే తెల్లారుతుంది. 29ని "ముప్పైకి ఒకటి తక్కువ" అని చూస్తే, మైనస్ ఒకటిని 29 సార్లు గుణించినట్టు. బేసి సార్లు కాబట్టి మైనస్ ఒకటే వస్తుంది. అంటే మళ్లీ ఒకటి తక్కువ ముప్పై, 29. ఇంత పెద్ద సిద్ధాంతాన్ని పిల్లలకి అణతిరిశ అన్న ఒక్క మాటతో చెప్పగలిగాను. తెలుగులో మనకి కూడా ఈ చూపు లేకపోలేదు. పావుతక్కువ ఆరు అంటాం కదా గడియారం చూసి. శేషాల పాఠానికి నేను ఇప్పుడు అక్కడ్నుంచే మొదలుపెడుతున్నాను.

అయితే ఇదే పట్టుకుని ఊగకూడదు. మిగిలినవి 1, 2, 3 అయితే ప్రతి దాంట్లోనూ రెండు తక్కువైనట్టు, జవాబు 58. మిగిలినవి అలా వరసగా లేకపోతే, నేను మొదట తప్పు చేసిన ప్రశ్నలోలాగా, ఈ కిటుకు పనిచేయదు. అప్పుడు రాసుకుని వెతకాల్సిందే. ఏ ప్రశ్నకి కిటుకు పడుతుంది, ఏ ప్రశ్నకి పడదు అన్నది చేసి చేసి తెలియాల్సిన విషయం.

భాషతో లాభం ఇదైతే, నష్టం ఇంకోటి ఉంది. అది లాభం కంటే పెద్దది.

మా దగ్గరికొచ్చే పిల్లాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. బడిలో లెక్కలు ఒడియాలో చదువుతాడు, బీజగణిత ఒక పుస్తకం, జ్యామితి ఇంకో పుస్తకం. ఒలింపియాడ్ పేపరు ఇంగ్లీషులో చేతికొస్తుంది. మనం ప్రధాన సంఖ్య అనేదాన్ని వాడు మౌళిక సంఖ్య అని నేర్చుకున్నాడు, ప్రశ్నలో ప్రైమ్ అని ఉంటుంది. ఈ మూడూ ఒకటేనని పట్టిక రాసి గోడకి అంటిస్తే వారంలో వచ్చేస్తాయి. పట్టికలో పెట్టలేని మాటలే ప్రాణం తీస్తాయి: ఎట్ లీస్ట్, ఎట్ మోస్ట్, ఎనీ, డిస్టింక్ట్. మూడు పన్నెండుని డివైడ్ చేస్తుంది అన్న వాక్యం చదివి మూడుని పన్నెండుతో భాగించే పిల్లలు ప్రతి ఏడూ నాకు తగులుతారు. వాళ్లకి లెక్క రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. 1 నుంచి 50 దాకా అంకెలున్న కార్డులు ఉన్నాయి. ఎన్ని కార్డులు తీస్తే, ఎలా తీసినా సరే, వాటిలో ఏవో రెండింటి మొత్తం 51 తప్పకుండా అవుతుంది? అలాంటి అతి చిన్న సంఖ్య ఎంత? పేపర్లో ఇది ఇంగ్లీషులో ఉంది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు 02 దిద్దాడు. 71 దిద్దిన పిల్లాడి తమ్ముడు వీడు.

"రెండెలా అయిందిరా?"

"ఒకటి తీస్తాను, యాభై తీస్తాను. యాభై ఒకటి అయిపోయింది కదా మాస్టారూ. రెండు చాలు."

వాడికి అతి చిన్న అన్న మాట కనిపించింది. ఎలా తీసినా అన్న మాట కనిపించలేదు. ఎనీ అనే మూడక్షరాల ఇంగ్లీషు మాటని వాడు "ఏదో ఒకటి" అని చదివాడు. ఇక్కడ దానర్థం "ఏదైనా సరే". తెలుగులో ఈ రెంటికీ మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. అందుకని కార్డులు వాడి చేతిలోంచి లాక్కుని అన్నాను: "నువ్వు తీయవు. నీకు గిట్టనివాడు తీస్తాడు. నీకు 51 రాకూడదని చూసి చూసి తీస్తాడు. వాడు ఎన్ని తీసేదాకా తప్పించుకోగలడు?"

అప్పుడు వాడు ఆలోచనలో పడ్డాడు. శత్రువు 1 తీస్తే 50 ముట్టుకోడు. 2 తీస్తే 49 ముట్టుకోడు. అలా 1, 50 ఒక జత, 2, 49 ఒక జత, చివరికి 25, 26 ఒక జత. మొత్తం 25 జతలు. ఒక్కో జతలోంచి ఒక్కోటి తీస్తూ 25 దాకా తప్పించుకోవచ్చు. ఇరవయ్యారో కార్డు తీస్తే దొరికిపోతాడు. జవాబు 26. పది నిమిషాల్లో వాడే చెప్పాడు, నేను గిట్టనివాడిని తెచ్చిపెట్టడం తప్ప ఏమీ చేయలేదు.

ఇప్పుడు చెప్పండి, ఓఎంఆర్ షీటు మీద 02 అని చూసి సున్నా వేసి ఊరుకుంటే ఆ పిల్లాడి గురించి నాకు ఏం తెలిసేది? మార్కు పోయింది ఇంగ్లీషు దగ్గరా, ఆలోచన దగ్గరా, దిద్దడం దగ్గరా అన్నది షీటు చెప్పదు. నమూనా పరీక్ష పెట్టేదే అది తెలుసుకోవడానికి. అందుకే నా దగ్గర మూడు గంటల పేపరు తర్వాత తప్పకుండా ఇంకో గంట ఉంటుంది. పిల్లలు తప్పు పోయిన ప్రతి ప్రశ్ననీ ముందు తెలుగులో తమ మాటల్లో చెప్పాలి, లెక్క తర్వాత. ప్రశ్న చెప్పగలిగి లెక్క చేయలేకపోతే ఒక మందు. ప్రశ్నే చెప్పలేకపోతే ఇంకో మందు. రెండూ వచ్చి కూడా మార్కు పోతే మూడోది. ఒక్కో పిల్లాడి నోటు పుస్తకంలో ఈ మూడు రకాల తప్పులకీ మూడు రంగుల పెన్నులు. నెల తిరిగేసరికి ఏ రంగు ఎక్కువుందో పిల్లాడికే కనిపిస్తుంది. మా వాళ్లలో సగం మందికి పైగా మొదటి నెల ప్రశ్న అర్థం కాని రంగే ఎక్కువ. నేను అంతకుముందు రెండేళ్లు వాళ్లకి కొత్త కొత్త సూత్రాలు చెబుతూ కాలం గడిపాను. రోగం ఒకటైతే మందు ఇంకోటి వేశాను.

మూడో రకం తప్పు చిన్నదనిపిస్తుంది, కానీ పెద్ద చిల్లు. జవాబు వందలోపు పూర్ణసంఖ్య కావాలి కాబట్టి పేపరు రాసేవాళ్లు చివర్లో ఒక మెలిక పెడతారు. రెండు పాచికలు వేస్తే వచ్చే మొత్తం ప్రధాన సంఖ్య అయ్యే సంభావ్యత ఎంత? దాన్ని కనిష్ఠ రూపంలో రాసి లవం, హారం కలిపి ఎంతో గుర్తించండి. మొత్తం 2 ఒక రకంగా, 3 రెండు రకాలుగా, 5 నాలుగు, 7 ఆరు, 11 రెండు రకాలుగా వస్తాయి. కలిపితే 15. మొత్తం 36లో 15. కుదిస్తే పన్నెండులో అయిదు. జవాబు 17. ఒక అమ్మాయి అంతా సరిగ్గా చేసి 15, 36 కలిపి 51 దిద్దింది. 51 కూడా వందలోపే ఉండడంతో అనుమానం రాలేదు. ఇంకో అమ్మాయి కుదించి, హడావిడిలో 12 ఒక్కటే దిద్దేసింది. ఇద్దరికీ లెక్క వచ్చు, ఇద్దరికీ సున్నా. దిద్దే ముందు ప్రశ్న చివరి వాక్యం మళ్లీ చదవండి అని ఎంత చెప్పినా వినరు. చివరి వాక్యం కింద పెన్సిలుతో గీత గీస్తే తప్ప దిద్దకూడదని రూలు పెట్టాక దారికొచ్చారు.

పేపరు కూర్పు గురించి నా అనుభవం కొంచెం చెప్పాలి. మొదటి ఆదివారమే 30 ప్రశ్నల పేపరు చేతిలో పెట్టవద్దు. ఒక గంట, పది ప్రశ్నలు, అందులో ఆరు అందరికీ అందేవి. జులై నెలంతా అలా నడిపి, ఆగస్టులో మూడు గంటల పేపర్లకి వెళ్లాలి. పాత ఐఓక్యూఎం పేపర్లు, అంతకుముందు పీఆర్‌ఎంఓ అన్న పేరుతో జరిగిన పేపర్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చివరి రెండు మూడేళ్లవి ముందే ఖర్చు చేసేయకుండా ఆగస్టుకి దాచుకోవాలి. అసలు పరీక్ష ఎలా ఉంటుందో చూపించడానికి వాటికంటే మంచి పేపరు ఎవరూ రాయలేరు. జేఈఈ మెటీరియల్‌లోంచి ప్రశ్నలు ఎత్తి ఒలింపియాడ్ మాక్ టెస్ట్ అని ఇవ్వడం మాత్రం పిల్లలకి అన్యాయం. అక్కడ వేగం, ఇక్కడ ఓపిక.

సెంటరు గురించి కూడా ముందే చూసుకోవాలి. ఫారం నింపేటప్పుడు రాష్ట్రం, సెంటరు గళ్లు జాగ్రత్త. మా వీధిలో ఒక ఇంటి పిల్లాడు పర్లాకిమిడిలో చదువుతాడు, వాళ్ల పెదనాన్న కొడుకు పాతపట్నంలో. అన్నదమ్ములిద్దరూ ఒకే అరుగు మీద నమూనా పరీక్ష రాస్తారు. కానీ ఒకడు ఒడిశా పిల్లల్లో, ఇంకొకడు ఆంధ్ర పిల్లల్లో లెక్కకి వస్తాడు. కటాఫ్ కూడా వేరు. సెంటరు దూరమైతే ముందురోజే వెళ్లి పడుకోవాలి. భాద్రపద మాసపు వానల్లో తెల్లవారుజాము బస్సుని నమ్ముకోలేం.

భాష సంగతి ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, "ఇంగ్లీషు పేపరుకి తెలుగులో ఎందుకండీ, మొదట్నుంచీ ఇంగ్లీషులోనే చెప్పేస్తే పోదా?" అని. ఈ ఊళ్లో ఆ ప్రశ్నకి జవాబు వందేళ్లకి ముందే ఒకాయన చేసి చూపించారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి రాజావారి బడిలో పంతులు. కొండల్లో సవర పిల్లలకి చదువు చెప్పాలంటే వాళ్ల మాటలోనే చెప్పాలని తాను సవర భాష నేర్చుకుని పుస్తకాలు తయారుచేశారు, బళ్లు పెట్టారు. పిల్లాడు ఏ మాటలో ఆలోచిస్తాడో అక్కడ్నుంచి మొదలుపెట్టి తీసుకెళ్లాలి. ఇంగ్లీషు అక్కర్లేదని నేను అనడం లేదు, ప్రశ్న చదవడం ఇంగ్లీషులోనే నేర్పుతున్నాను. విప్పడం మాత్రం తెలుగులో. ఐఎంఓలో పిల్లలు తమకి కావాల్సిన భాషలో పేపరు తీసుకోవచ్చు, ఆ భాషలోనే జవాబు రాయొచ్చు. పైమెట్టు మీద అంత గౌరవం ఇచ్చే విషయాన్ని కింది మెట్టు దగ్గర మనమే చిన్నచూపు చూస్తే ఎలా?

ఇక ఆర్‌ఎంఓ. ఐఓక్యూఎంలో 26 అని దిద్దితే మార్కులు వచ్చేస్తాయి. ఆర్‌ఎంఓలో అదే ప్రశ్న వస్తే 26 అన్న ఒక్క అంకెకి దాదాపు ఏమీ రాదు. రెండు విషయాలు విడివిడిగా రుజువు చేయాలి. 25 చాలదని ఒకటి, 26 తప్పకుండా చాలుతుందని రెండోది. పిల్లలు సాధారణంగా ఒకటే రాసి రెండోది వదిలేస్తారు, ఎందుకంటే వాళ్ల మనసులో రెండూ ఒకటే. ఇక్కడ మా పిల్లలకి బడి సాయం చేస్తుంది. ఒడియా జ్యామితి పుస్తకంలో ప్రతి ఉపపాద్యానికీ, అంటే సిద్ధాంతానికీ, దత్త, ప్రామాణ్య, ప్రమాణ అని విడివిడిగా రాయడం వాళ్లకి అలవాటు. మన దత్తాంశం, సారాంశం, ఉపపత్తి లాంటివే. ఆ అలవాటుని త్రిభుజాల దగ్గర వదిలేయకుండా అంకెల ప్రశ్నలకి కూడా వాడమంటాను. ఏం ఇచ్చారు, ఏం చూపించాలి, ఎలా చూపిస్తున్నావు. ఈ మూడు శీర్షికలు రాసుకుంటే సగం పిల్లలకి రాయాల్సింది దానంతటదే కనిపిస్తుంది.

రెండు చాలు అన్న ఆ అబ్బాయి మూడు వారాల తర్వాత అదే ప్రశ్నకి నిరూపణ రాసి తెచ్చాడు. నేను అడగలేదు. రూళ్ల కాగితం మీద, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, పైన ఒడియాలో ప్రమాణ అని శీర్షిక. "25 చాలవు. 1 నుంచి 25 దాకా తీస్తే అన్నిటికంటే పెద్ద మొత్తం 24, 25 కలిపితే 49. యాభై ఒకటి రాదు. 26 చాలతాయి. జతలు 25 ఇళ్లు. ఒక్కో ఇంట్లో ఇద్దరుంటారు. 26 మందిని తెస్తే ఇరవయ్యారో వాడికి వేరే ఇల్లు లేదు. ఎవరో ఒకరి ఇంట్లోనే ఉండాలి. ఆ ఇంట్లో ఇద్దరి మొత్తం 51."

పూర్తి మార్కులు వేశాను. కాగితం తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"కార్డులు 51 దాకా ఉంటే మాస్టారూ? యాభై ఒకటికి జత లేదు. వాడికి సొంత ఇల్లు కావాలి." చెప్పులు వేసుకుంటూ లెక్కపెట్టుకున్నాడు. "అప్పుడు ఇళ్లు 26. కార్డులు 27 కావాలి."